వెచ్చదనానికి కొలతలు

వేసవిలో ఇంటిని చల్లబరచుకోవడం గురించి తెలుగు నేల మీద జరిగినంత ఆలోచన, శీతకాలంలో ఇంటిని వెచ్చగా ఉంచుకోవడం గురించి జరగలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించగా, వెచ్చని ఇంటి ఊసు ఇటు ఆంధ్రలోనూ అటు తెలంగాణలోనూ విధాన పత్రాల్లో దాదాపు కనిపించదు. మైదానాల్లో చలి ధనుర్మాసపు తెల్లవారుజాములకే పరిమితమై, సంక్రాంతి దాటేసరికి సెలవు తీసుకుంటుంది కనుక ఈ ఉపేక్ష సహజమేనని అనిపించవచ్చు. అయితే అనకాపల్లి జిల్లా రావికమతం వంటి మండలాన్ని దగ్గరగా చూసినప్పుడు ఈ సహజత్వం నిలవదు. మండల కేంద్రం, కొత్తకోట, మేడివాడ వంటి ఊళ్లు చెరకు, వరి పండే మైదానంలో ఉండగా, కల్యాణపులోవ జలాశయానికి ఎగువన తూర్పు కనుమలు మొదలవుతాయి. చీమలపాడు పంచాయతీకి చెందిన గిరిజన గూడేలు కొన్ని ఆ కొండల మీదే ఉన్నాయి. అక్కడి నుంచి మన్యంలోకి ఎత్తు పెరిగేకొద్దీ, ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీలకు పైగా గాలి చల్లబడుతుందన్న భౌతిక సూత్రం మనుషుల ఒంటి మీద పనిచేయడం మొదలుపెడుతుంది. నర్సీపట్నం దాటి ఘాట్‌రోడ్డెక్కితే వచ్చే లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. మేఘాలు లేని డిసెంబరు, జనవరి రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశానికి వదిలేయగా, బరువెక్కిన చల్లగాలి లోయల్లోకి జారి పేరుకుని కూర్చోవడం వల్ల, చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం నమోదు చేసే కనిష్ఠ ఉష్ణోగ్రతలు అయిదు డిగ్రీల కిందికి దిగడం అక్కడివారికి వింత కాదు.

ఒక ఇంటికి ఎంత వేడి కావాలన్న ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో ఎవరున్నారన్న ప్రశ్నతో మొదలు కావాలి. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో వెలువరించిన సిద్ధాంతం ప్రకారం మనిషికి హాయి అనిపించడం ఆరు అంశాల మీద ఆధారపడుతుంది: గాలి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న గోడలు కప్పుల ఉష్ణోగ్రత, గాలి వేగం, గాలిలోని తేమ, ఒంటి మీది బట్ట, శరీరం లోపల పుట్టే వేడి. వీటిలో చివరి రెండూ పూర్తిగా మనిషికి సంబంధించినవి. పొలం పని చేసి వచ్చిన యువకుడికి చల్లగా, హాయిగా తోచే గది, మంచం పట్టిన అతని తల్లికి వణుకు తెప్పిస్తుంది. ముసలితనంలో శరీరం పుట్టించే వేడి తగ్గడమే కాక, చలిని పసిగట్టే శక్తి కూడా మందగిస్తుంది గనుక ఆమె చలిగా ఉందని చెప్పకపోవచ్చు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన గృహ మార్గదర్శకాలు చలి దేశాల ఇళ్లలో కనీసం 18 డిగ్రీలు ఉండాలని చెబుతూనే, వృద్ధులు, పసిపిల్లలు ఉన్న చోట అంతకంటే ఎక్కువ అవసరం కావచ్చని సూచించాయి.

ఈ భేదాన్ని తెలుగు ఇల్లు ఏనాడో గుర్తించింది. బాలింతను ఒక గదిలో ఉంచి, చల్లగాలి సోకకుండా కిటికీలు మూసి, మంచం దగ్గర నిప్పుల కుంపటి పెట్టి, సాంబ్రాణి ధూపం వేసే ఆచారం, ఇల్లంతటినీ వేడి చేయకుండా అవసరమైన మనిషిని మాత్రమే వెచ్చగా ఉంచే పద్ధతి. కశ్మీరీలు దుస్తుల లోపల పట్టుకు తిరిగే కాంగ్డీ కూడా ఈ కోవలోనిదే. అయితే ఈ ఆచారంలో వివేకం ఎంత ఉందో ప్రమాదమూ అంతే ఉంది. తగినంత గాలి అందని చోట బొగ్గు సగం సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా ఆబగా దానిని పట్టుకుంటుంది గనుక, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవారు నిద్రలోనే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. పసికందు విషయంలో మరింత సురక్షితమైన మార్గం 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో రూపుదిద్దుకుంది: నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచే ఈ పద్ధతిలో తల్లి శరీరమే వేడినిచ్చే సాధనం. కొండ మీది గూడేలకు ఇంతకంటే చవకైన, నమ్మదగిన ఏర్పాటు మరొకటి లేదు.

మనిషి తరువాత ఇల్లు. ఇంటికి కావలసిన వేడిని లెక్కగట్టడమంటే, ఇంట్లోంచి గంటగంటకూ ఎంత వేడి బయటికి పోతున్నదో లెక్కగట్టడమే. పోయినంత భర్తీ చేస్తే చాలు. ఈ లెక్కకు మూలం యు-విలువ అనే సంఖ్య. గోడకు గానీ కప్పుకు గానీ రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు మేర ఎన్ని వాట్ల వేడి దాటిపోతుందో అది చెబుతుంది. పలచని సిమెంటు రేకుకు ఇది సుమారు 6, తొమ్మిదంగుళాల ఇటుక గోడకు 2.2, మూరెడు మందపు మట్టిగోడకు 1.2 చొప్పున ఉంటుంది. తాటాకు, గడ్డి నేతలో గాలి చిక్కుకుని ఉంటుంది కనుక మందంగా నేసిన పూరికప్పు ఈ పరీక్షలో సిమెంటు శ్లాబును కూడా తేలికగా ఓడిస్తుంది. నిప్పుకూ వానకూ భయపడి దాన్ని వదిలిపెట్టినవారిని తప్పుపట్టలేం గానీ, దాని స్థానంలోకి వచ్చిన రేకు ఏం చేస్తుందో మాత్రం తెలుసుకోవాలి.

ఉదాహరణకు కొండ మీద అయిదు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న ఇటుక గోడల రేకుల ఇంటిని ఊహించి, బయట 6 డిగ్రీలున్నప్పుడు లోపల 18 డిగ్రీలు నిలపాలని కోరుకుందాం. పన్నెండు డిగ్రీల తేడాకు కప్పు ఒక్కటే సుమారు 2,150 వాట్లు జారవిడుస్తుంది. గోడలు 1,600, తలుపులూ కిటికీలూ 300, రేకుల సందుల గుండా గంటకు మూడుసార్లు మారిపోయే గాలి మరో 1,050 వాట్లు పట్టుకుపోతాయి. మొత్తం అయిదు వేల వాట్లకు పైమాట; అంటే బజారులో దొరికే రెండు వేల వాట్ల గది హీటర్లు రెండు రాత్రంతా వెలిగించినా చలి తీరదు, కరెంటు బిల్లు మాత్రం తీర్చలేనంత వస్తుంది. ఇప్పుడు కొత్త యంత్రమేదీ కొనకుండా, రేకు కింద వెదురు తడికల మీద రెండంగుళాల ఉష్ణనిరోధక పొర పరిచి, సందులు పూడ్చామనుకుంటే, నష్టం సగానికి, అంటే రెండున్నర వేల వాట్లకు దిగుతుంది. ఇల్లంతా కాక, కుటుంబం పడుకునే పన్నెండు చదరపు మీటర్ల గదిని మాత్రమే వెచ్చగా ఉంచాలనుకుంటే అది వెయ్యి వాట్ల దగ్గరికి వస్తుంది. నిద్రపోతున్న మనిషి శరీరం దాదాపు 70 వాట్ల వేడిని వదులుతుంది గనుక, ఆ గదిలో పడుకున్న అయిదుగురూ కలిసి ఆ వెయ్యిలో మూడో వంతు తామే సమకూరుస్తారు. హీటరు ఎంత పెద్దది కొనాలన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టినవారికి ఈ దారి కనిపించదు.

మిగిలిన ఆరు వందల యాభై వాట్లు ఎక్కడి నుంచి రావాలన్నది అసలు చిక్కు. మన్యపు ఇళ్లలో ఇంతకాలం ఆ పని పొయ్యి చేసింది. ఇంటి నడిమధ్య వెలిగే పొయ్యి అన్నం వండటమే కాక గదిని వెచ్చబరిచేది. దాని పైనున్న అటక మీద విత్తనాలు, జొన్నకంకులు పొగకు ఆరి పురుగు పట్టకుండా నిలిచేవి. వెదురు వాసాలకు పొగచూరడం వల్ల చెద దరిచేరేది కాదు. ఆ పొగే ఆడవాళ్ల ఊపిరితిత్తులనూ కళ్లనూ తినేసిందన్నది కూడా అంతే నిజం. 2016 మే 1న మొదలైన ఉజ్జ్వల పథకం గ్యాస్ కనెక్షన్లు ఇచ్చి పొగను తగ్గించే ప్రయత్నం చేసింది. కానీ గ్యాస్ పొయ్యి వండుతుందే తప్ప గదిని వెచ్చబరచదు. అందువల్ల చలి ఊళ్లలో సిలిండరు ఉన్న ఇంట్లోనూ కట్టెల పొయ్యి ఆరదు. దీన్ని పేదల అలవాటుగానో అజ్ఞానంగానో చూసే అధికారుల నివేదికలు ఒక సాధనం చేస్తున్న రెండు పనుల్లో ఒకదాన్నే లెక్కించాయి. 1980లలో కేంద్రం చేపట్టిన మెరుగైన పొయ్యిల కార్యక్రమానికీ ఇలాంటి పరిమితే ఉంది: పొగగొట్టం పొగను బయటికి పంపుతూ, దాంతోపాటు వేడినీ పంపేస్తుంది.

ఈ ముడిని విప్పినవారు ఇతర దేశాల్లో ఉన్నారు. కొరియా ఇళ్లలో ఒండోల్ అనే ఏర్పాటు ప్రకారం వంటింటి పొయ్యి పొగ నేల కింది కాలువల గుండా పడకగది అవతలి గొట్టానికి చేరుతుంది. దారిలో తన వేడినంతా నేలరాళ్లకు ఇచ్చి పోతుంది. కొండ గూడేనికి నేల తవ్వనక్కరలేదు. వంటగదికీ పడకగదికీ మధ్యనున్న గోడలో పొగ దారిని మలుపులు తిప్పితే చాలు. ఎనిమిది గంటల రాత్రికి కావలసిన ఆరు వందల యాభై వాట్లంటే సుమారు అయిదు యూనిట్ల వేడి; ఎండుకట్టె కిలోకు నాలుగు యూనిట్ల శక్తి ఉంటుంది, అందులో సగమే గోడకు చేరుతుందనుకున్నా రెండున్నర కిలోల కట్టె చాలు, అది రాత్రి వంటకు ఎలాగూ కాల్చేదే. మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల ఎత్తు, అడుగు మందం ఉన్న మట్టిగోడ బరువు నాలుగు టన్నులకు దగ్గరగా ఉంటుంది గనుక, అది అయిదారు డిగ్రీలు వెచ్చబడి ఆ వేడినంతా దాచుకుని, నిప్పు ఆరిన తరువాత తెల్లవారేదాకా నెమ్మదిగా గదిలోకి వదులుతుంది. పొగ లీకు కాకుండా గొట్టాన్ని ఏడాదికోసారి శుభ్రం చేయడం మాత్రం తప్పదు; ఆ శ్రమ మరిచిన చోట ఈ ఏర్పాటు కుంపటి కంటే ప్రమాదకరం.

సూర్యుడి సాయమూ కొలతకు అందేదే. దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఈ ప్రాంతంలో డిసెంబరు చివరి వారపు మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే నిలుస్తాడు. జూన్‌లో నడినెత్తిని దాటి కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు. కాబట్టి దక్షిణపు గోడకు పెట్టిన కిటికీ శీతకాలపు ఎండను లోపలికి రానిస్తుంది, చిన్న చూరు ఉంటే వేసవి ఎండను పూర్తిగా అడ్డుకుంటుంది. దక్షిణ ద్వారమంటే జంకే వాస్తు భయాలకు కూడా ఇందులో ఇబ్బంది లేదు, ఇక్కడ కావలసింది కిటికీయే. ఇదే కొండ మీద మైదానపు చల్లని పైకప్పుల విధానాన్ని యథాతథంగా తెచ్చి కప్పులకు తెల్లరంగు పూస్తే, పగటిపూట దొరికే కాస్త ఎండను కూడా ఇల్లు తిప్పికొడుతుంది.

మైదానపు రావికమతంలో సమస్య స్వరూపమే వేరు. అక్కడ శ్లాబు ఇల్లు శీతకాలపు రాత్రి కూడా పగటి వేడిని కొంత నిలుపుకుంటుంది. గదిని వేడి చేసే యంత్రానికి అక్కడ పని లేదు. వేడి కావలసింది స్నానపు నీళ్లకు. మనిషికి పదిహేను లీటర్ల చొప్పున అయిదుగురి నీళ్లను 24 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి 1.4 యూనిట్లు పడుతుంది. పదిహేను వందల వాట్ల రాడ్డు హీటరుకు అది గంట పని. కొండ మీద నీళ్లు 12 డిగ్రీల దగ్గర మొదలవుతాయి కనుక అదే కుటుంబానికి 2.4 యూనిట్లు కావాలి. పెరట్లో కట్టెల మీద కాగు పెట్టుకునే ఇళ్లలో ఈ లెక్క కరెంటు బిల్లులో కాక, కట్టెల మోపుల్లో కనిపిస్తుంది.

శాసనాలు ఈ తేడాలను పట్టించుకోవడం ఆలస్యమవుతోంది. కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు యు-విలువ 1.2 దాటరాదని చెప్పింది. మంచి నియమమే గానీ అయిదు వందల చదరపు మీటర్లకు తక్కువైన స్థలాల్లోని ఇళ్లకు అది వర్తించదు, అంటే గూడెంలోని ఏ ఇంటికీ వర్తించదు. పైగా అది దేశాన్ని అయిదు వాతావరణ మండలాలుగా విభజించిన పటం మీద ఆధారపడుతుంది. కోస్తా ఆంధ్ర అందులో వేడి, తేమల మండలంలో పడుతుంది, పటం మీది రంగు కొండ ఎత్తును చూడదు.

అమెరికాలో ఇల్లు కట్టుకునే తెలుగు కుటుంబాలకు ఈ గదివారీ లెక్క కొత్త కాదు. అక్కడ మాన్యువల్ జె అనే ప్రామాణిక పద్ధతిలో ప్రతి గదికీ గోడలు, కిటికీలు, ముఖం చూసే దిక్కు, నివసించేవారి సంఖ్య ఆధారంగా వేడి లెక్కించాలి. ఆ లెక్క ఎగ్గొట్టి, దేనికైనా మంచిదని పెద్ద యంత్రం బిగించే గుత్తేదారులు అక్కడా ఉన్నారు. అవసరానికి మించిన యంత్రం కొద్ది నిమిషాలకే గదిని వేడెక్కించి ఆగి, మళ్లీ మొదలై, త్వరగా అరుగుతుంది, గదుల మధ్య హెచ్చుతగ్గులూ మిగిలిపోతాయి. శీతకాలంలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు ఇల్లంతటికీ ఒకే మీట సరిపోదు; వారి గదికి వేరే నియంత్రణ పెట్టడం వైభవం కాదు, ఫాంగర్ చెప్పిన అయిదో ఆరో అంశాలకు గౌరవం ఇవ్వడం.

2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లోని కోందులు, పోర్జలు, గదబలు వంటి ఆదిమ తెగలకు పక్కా ఇళ్లు మంజూరవుతున్నాయి. రావికమతం కొండ గూడేల్లోనూ కోందు కుటుంబాలున్నాయి. కానీ అవి షెడ్యూల్డ్ ప్రాంతానికి బయట ఉండటం వల్ల ఏజెన్సీకి అందే ఏర్పాట్లు వారికి తేలికగా అందవు. ఇంటి నమూనా సముద్రమట్టాన ఒకటి, అయిదు వందల మీటర్ల పైన మరొకటి ఉండాలన్న నియమానికి నిధులతో పని లేదు: పైనమూనాలో కప్పు కింద తడికలతో నిరోధక పొర, వంటింటికీ పడకగదికీ నడుమ పొగదారి ఉన్న అడుగు మందపు మట్టిగోడ, దక్షిణాన ఒక కిటికీ గీస్తే సరిపోతుంది. గ్రామంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఆ గీత గీసే ముందు ఇంట్లో ఎనభై ఏళ్ల ముసలమ్మ గానీ నెల తిరగని బిడ్డ గానీ ఉన్నారా అని అడిగి, కొలతల పుస్తకంలో ఒక గడిలో రాసుకోవాలి.