ఎములాడ: రాజన్న ఊరు, పంప కొలువు

మేడారం జాతరకు బయల్దేరినవాళ్లు ముందుగా ఎములాడకు, అంటే వేములవాడకు, వచ్చి రాజన్నను (రాజరాజేశ్వరస్వామిని) దర్శించుకోవడం ఉత్తర తెలంగాణలో ఆనవాయితీ. ధర్మగుండంలో మునిగి, తడిబట్టలతోనే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. గండదీపంలో నూనె పోస్తారు. ఆవరణలోని దర్గాకూ మొక్కుతారు. రాజన్నను కొలుస్తూ ఇక్కడే కన్నుమూసిన ముస్లిం భక్తుడి సమాధి అదని ఊరివాళ్ల మాట. శివరాత్రికైతే వేములవాడలో కాలు పెట్టే చోటుండదు.

ఇంతమంది వచ్చిపోయే ఈ ఊరు వెయ్యేళ్ల కిందట ఒక రాజ్యానికి రాజధాని. అప్పటి పేరు లేంబులవాటిక. రాష్ట్రకూటులకు సామంతులైన వేములవాడ చాళుక్యులు మొదట బోధన్‌లో ఉండి, తర్వాత మూలవాగు ఒడ్డున ఉన్న ఈ ఊరికి చేరారు. వాళ్లలో మొదటి బద్దెగుడు నలభై రెండు యుద్ధాలు గెలిచాడని శాసనాలు పొగిడాయి. ఇప్పుడు భీమన్న గుడి అంటున్న భీమేశ్వరాలయం ఆయన కట్టించిన బద్దెగేశ్వరమేనని చరిత్రకారులు గుర్తించారు. రాజన్న దర్శనం అయ్యాక ఈ గుడి స్తంభాల మధ్య కాసేపు కూర్చోవాలి. చాళుక్యుల కాలం ఇక్కడ చేతికందుతుంది.

కత్తుల కంటే కవిత్వమే ఈ వంశాన్ని బతికించిందని నాకనిపిస్తుంది. రెండో అరికేసరి కొలువులో ఉన్నవాడు పంప. కన్నడిగులు ఆదికవిగా కొలిచే ఆ పంప పూర్వీకులది మన వేంగినాడే. 941లో ఆదిపురాణం రాశాడు. విక్రమార్జున విజయంలో తన రాజునే అర్జునుడిగా నిలబెట్టి భారత కథ చెప్పాడు. మెచ్చిన అరికేసరి ధర్మపురం అనే అగ్రహారాన్ని ఇచ్చాడు. తర్వాతి తరంలో జైన పండితుడు సోమదేవసూరి 959లో గంగాధరలో యశస్తిలక చంపువు ముగించాడు. ఆయన కోసం ఎములాడలో కట్టిన శుభధామ జినాలయానికి 966లో మూడో అరికేసరి ఒక గ్రామాన్ని దానం చేశాడు. ఆ దానం సంగతి పర్భణి రాగిరేకుల్లో ఉంది. శైవం, జైనం రెంటికీ ఒకే రాజకుటుంబం పోషకులన్న మాట.

ఈ కథలో తెలుగువాళ్లు తప్పక చూడాల్సిన చోటు మాత్రం ఊరి బయట, కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో కురిక్యాల దగ్గరుంది. అక్కడి బొమ్మలమ్మ గుట్ట బండ మీద పంప తమ్ముడు జినవల్లభుడు శాసనం చెక్కించాడు. జైన తీర్థంకరులు, చక్రేశ్వరి బొమ్మల కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగం మూడు కంద పద్యాలు. నన్నయ భారతానికి ఇంచుమించు నూరేళ్ల ముందటివి! అన్న కన్నడంలో మహాకావ్యం రాస్తే తమ్ముడు తెలుగులో కందం కట్టించాడు. తాను కట్టించిన త్రిభువనతిలక బసది (జైన ఆలయం), కవితాగుణార్ణవ చెరువు, మదనవిలాస తోట పేర్లూ అక్కడే రాయించాడు. చెరువుకు పెట్టింది అన్న బిరుదే.

గ్రానైట్ కోసం గుట్టలు కరిగిపోతున్న జిల్లా కరీంనగర్. బొమ్మలమ్మ గుట్ట చుట్టూ ఎక్కడా రాయి కొట్టకుండా హద్దులు గీసి కాపాడాలి. ఎములాడ బస్టాండ్‌లో కురిక్యాలకు దారి చూపే పెద్ద బోర్డు ఉండాలి. కోడె మొక్కు తీర్చుకున్నవాళ్లలో కొందరైనా తిరుగు ప్రయాణంలో ఆ గుట్టెక్కి, మన తొలి కందాలను పిల్లలకు చూపిస్తారు.