మంచు కట్టని రేవులు

మన కోస్తాలో చేప ఎండాలంటే ఎండ ఉండాలి, చాలాసార్లు ఉప్పూ ఉండాలి. నార్వే ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్‌లో ఆ రెండూ అక్కర్లేదు. కాడ్ చేపల తలలు తీసి, పొట్టలు శుభ్రం చేసి, రెండేసి చొప్పున తోకల దగ్గర జతకట్టి, కొయ్య దండేల మీద వేలాడదీస్తారు. చలికాలం చివర కట్టిన చేప వేసవి మొదలయ్యేసరికి కర్రముక్కలా గట్టిపడుతుంది. బరువులో అయిదో వంతే మిగులుతుంది. ఏళ్ల తరబడి పాడవదు.

చలి మరీ ముదిరితే చేప గడ్డకట్టి కండ చెడుతుంది, వేడెక్కితే ఈగలు ముసురుతాయి. సున్నా డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉండే గాలి కావాలి. ఉత్తర ధ్రువ వలయం దాటి, 70 డిగ్రీల అక్షాంశంలో అలాంటి గాలి దొరకడమే వింత. అదే అక్షాంశంలో సైబీరియా సముద్రం నెలల తరబడి గడ్డకట్టి ఉంటుంది. ఫిన్‌మార్క్ ఒడ్డుకు మాత్రం అట్లాంటిక్ నుంచి వెచ్చని నీటి ప్రవాహం చేరుతుంది. అందుకే, చలికాలంలో రెండు నెలలు సూర్యుడే కనిపించని హామర్‌ఫెస్ట్‌లో కూడా రేవులోకి పడవలు వస్తూనే ఉంటాయి. వసంతంలో కాపెలిన్ అనే చిన్నచేపలు గుడ్లు పెట్టడానికి తీరానికొస్తే, వాటిని తినడానికి కాడ్ వెంటపడి వస్తుంది.

ఇంత కలిగిన సముద్రం పక్కన జనం మాత్రం 75 వేలే. నేల చూస్తే 48 వేల చదరపు కిలోమీటర్లు, డెన్మార్క్ కన్నా ఎక్కువ. చదరపు కిలోమీటరుకు ఇద్దరు కూడా లేరన్నమాట. లోపలి పీఠభూమిలో సామీ ప్రజలు రెయిన్‌డీర్ మందలను మేపుతారు. వేసవిలో చాలా మందలు తీరం వైపు కదులుతాయి. 1989లో నార్వే సామీల పార్లమెంటు ఏర్పడింది కూడా ఇక్కడి కరాస్యోక్‌లోనే. చేపలతో పాటు గ్యాసు ఆదాయమూ ఉంది: 2007 నుంచి స్నోవిట్ క్షేత్రపు గ్యాసు సముద్రం అడుగున పైపుల్లో హామర్‌ఫెస్ట్ పక్కనున్న దీవికి చేరి, అక్కడ ద్రవంగా మారి ఓడలెక్కుతోంది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో వెనక్కి మళ్లిన జర్మన్ సైన్యం ఈ ప్రాంతాన్ని చాలావరకు తగలబెట్టింది. హామర్‌ఫెస్ట్‌లో శ్మశానం దగ్గరి చిన్న ప్రార్థనాలయం తప్ప ఏదీ నిలవలేదు. తొందరపడి రావద్దని ప్రభుత్వం చెప్పినా, యుద్ధం ముగియగానే జనం తిరిగొచ్చి గుడిసెలు వేసుకున్నారు.

వాళ్ల మనవల తరం చదువులకని దక్షిణానికి వెళ్లి అక్కడే ఆగిపోతుంటే, 1990లో ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. ఇక్కడ ఉండి పనిచేస్తే ఆదాయపు పన్ను తక్కువ. చదువు అప్పులో ఏటా 10 శాతం, ఒక పరిమితి మేరకు, మాఫీ. దీన్ని వట్టి రాయితీ అని తీసిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. డాక్టరూ టీచరూ ఊళ్లో లేకపోతే, ఎంత చేప పడినా ఆ రేవులో సంసారాలు నిలవవు.