‘మీ జీన్స్‌లోనే ఉంది’ అనే ముందు దుమ్ము సంగతి అడగండి

కొన్ని నెలల క్రితం ఒక ఎస్సీ హాస్టల్లో ఆరోగ్యం మీద మాట్లాడటానికి వెళ్లాం. అందరూ లేచాక డిగ్రీ చదివే ఒక తమ్ముడు దగ్గరికొచ్చాడు. వాళ్ల అమ్మ పదిహేనేళ్లు కంకర మిషన్ దగ్గర పనిచేసింది. ఇప్పుడు చేతివేళ్ల కీళ్లు వాచిపోయి, పొద్దున లేచాక గంటసేపు చెంబు కూడా పట్టుకోలేకపోతోంది. డాక్టర్ రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నాడు. ఎందుకొచ్చిందని అడిగితే ‘మీ జీన్స్‌లోనే ఉంది’ అన్నాడట. ఏం పని చేస్తావమ్మా అని మాత్రం అడగలేదు.

తమ్ముడు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగాడు. ‘రేపు నాకూ వస్తుందా? మాలో మాకే పెళ్లిళ్లు అవుతాయి కదా, అందుకే వచ్చిందా?’

ఆ రోజు నిలబడి రెండు ముక్కల్లో ఏదో చెప్పాం. సరైన జవాబు అంత చిన్నది కాదు. అందుకే ఈ వ్యాసం.

కాపాడేదే మీద పడితే

ఒంట్లోకి వచ్చిన క్రిములను గుర్తుపట్టి చంపడం రోగనిరోధక వ్యవస్థ పని. ఏది సొంతం, ఏది పరాయి అని తేల్చుకోవడంలో అది పొరబడి, సొంత కణాల మీదే దాడికి దిగితే వచ్చేవి ఆటోఇమ్యూన్ జబ్బులు. వాటిలో కీళ్లు, కండరాలు, చర్మం వంటివాటిని పట్టేవి రుమాటిక్ జబ్బులు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఊళ్లలో కీళ్లవాతం అంటాం), లూపస్, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా, వెన్ను బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ వీటిలో ముఖ్యమైనవి. వయసు మళ్లాక మోకాలి చిప్పలు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇవి వేరు.

లూపస్ రోగుల్లో పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్లే. రుమటాయిడ్ కూడా మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. 1993లో వెలువడిన హర్యానా గ్రామాల సర్వేలో పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి రుమటాయిడ్ ఉన్నట్టు తేలింది. అంటే వెయ్యి మందిలో ఏడెనిమిది మంది.

జన్యువులో రాసి ఉన్నది ఎంత?

మన ఆరో క్రోమోజోమ్ మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంది. అవి తయారుచేసే ప్రోటీన్లను తట్టల్లా ఊహించుకోండి. అవి ఇతర ప్రోటీన్ల ముక్కలను మోసుకొచ్చి టి-కణాలకు చూపిస్తాయి. ఆ ముక్క మనదా, పరాయిదా అన్నది టి-కణాలు తేల్చుకుంటాయి. తట్ట ఆకారం మనిషికీ మనిషికీ మారుతుంది. ఈ తేడాలు మంచివే. ఒకే అంటురోగానికి ఊరంతా తుడిచిపెట్టుకుపోకుండా కాపాడేవాటిలో ఇదొకటి.

రుమటాయిడ్ రోగుల్లో కొన్ని రకాల హెచ్‌ఎల్‌ఏ తట్టలు ఎక్కువగా కనిపిస్తాయి. రకాలు వేరైనా వాటన్నిటిలో ఒకచోట ఐదు అమైనో ఆమ్లాల వరుస దాదాపు ఒకేలా ఉంటుందని 1987లో గ్రెగర్సన్, సిల్వర్, వించెస్టర్ చెప్పారు. దానికి ‘షేర్డ్ ఎపిటోప్’ అని పేరు. 2014 నాటికి ఈ జబ్బుతో సంబంధమున్న చోట్లు మన జన్యుపటంలో వందకు పైగా దొరికాయి. హెచ్‌ఎల్‌ఏను పక్కన పెడితే, మిగతావాటిలో చాలావరకు ఒక్కొక్కటీ జబ్బు అవకాశాన్ని పెంచేది చాలా కొద్దిగానే.

ఇప్పుడు కవలల సంగతి చూద్దాం. ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు అచ్చు ఒకటే. అంతా జన్యువుల చేతిలోనే ఉంటే ఒకరికి వచ్చిన రుమటాయిడ్ రెండోవారికీ రావాలి. బ్రిటన్‌లో 1993లో వెలువడిన అధ్యయనంలో అలా ఇద్దరికీ వచ్చింది వందకు సుమారు 15 జంటల్లోనే.

‘ఈ జబ్బు 60 శాతం వంశపారంపర్యం’ అన్న మాట కూడా చదువుతుంటాం. ఒక మనిషి జబ్బులో 60 పాళ్లు జన్యువు, 40 పాళ్లు పరిసరాలు అని దాని అర్థం కాదు. ఒక జనాభాలో జబ్బు వచ్చే అవకాశం మనిషికీ మనిషికీ మారుతుంది కదా, ఆ తేడాలో ఎంత భాగం జన్యు తేడాలతో ముడిపడి ఉందో చెప్పే అంకె అది. అది బ్రిటన్, ఫిన్లాండ్ కవలల నుంచి తీసిన లెక్క. జనాభా మారితే, వాళ్లు పీల్చే గాలి మారితే ఆ అంకె కూడా మారగలదు.

దుమ్ము, పొగ కలిస్తే

1953లో కాప్లాన్ అనే డాక్టర్ సౌత్ వేల్స్ బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తూ, రుమటాయిడ్ ఉన్నవారి ఊపిరితిత్తుల్లో ప్రత్యేకమైన గడ్డలు గమనించాడు. దానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. రాళ్లు చెక్కేవాళ్లలో స్క్లెరోడెర్మా గురించి స్కాట్లాండ్‌లో 1914లోనే రాశారు.

ఇది ఎలా జరుగుతుందో స్వీడన్ పరిశోధనలు కొంత విప్పి చెప్పాయి. పొగ గానీ, రాతిలోని సన్నని సిలికా దుమ్ము గానీ ఊపిరితిత్తుల్లో మంట పుట్టిస్తాయి. అక్కడి ప్రోటీన్లలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం సిట్రులిన్‌గా మారుతుంది. షేర్డ్ ఎపిటోప్ ఉన్న తట్ట ఈ మారిన ముక్కలను బాగా పట్టుకుంటుంది. టి-కణాలు దాన్ని పరాయిదనుకుంటాయి, యాంటీబాడీలు తయారవుతాయి. యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష పట్టుకునేది వీటినే. ఆ యాంటీబాడీలున్న రుమటాయిడ్ వచ్చే అవకాశం, పొగ తాగుతూ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ షేర్డ్ ఎపిటోప్ వచ్చినవాళ్లలో, ఈ రెండూ లేనివాళ్లకంటే 21 రెట్లు ఎక్కువని 2006లో తేలింది. మలేసియాలో 2016 నాటి అధ్యయనం బట్టల మిల్లుల దుమ్ము పీల్చే ఆడవాళ్లలోనూ ఈ జబ్బు ఎక్కువని చూపింది.

అంటే జన్యువు మందుగుండు అయితే దుమ్ము నిప్పు. ఆ నిప్పు దగ్గర ఎవరిని నిలబెట్టారన్నది జీవశాస్త్రం తేల్చే విషయం కాదు. చీమకుర్తిలో, కరీంనగర్‌లో గ్రానైట్ కోసేచోట, ఊళ్ల పక్కన కంకర మిషన్ల దగ్గర, గుంటూరు జిన్నింగ్ మిల్లుల్లో దుమ్ములో నిలబడేది ఎవరో మనకు తెలుసు. గుజరాత్ క్వార్ట్జ్ ఫ్యాక్టరీల్లో పనిచేసి సిలికోసిస్‌తో చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ కూలీల కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. వాళ్లలో ఎక్కువమంది ఆదివాసులు. చట్టం కింద ప్రకటించిన వృత్తి జబ్బుల్లో సిలికోసిస్ ఉంది, రుమటాయిడ్ లేదు. అందుకే కేసు షీటు మీద ‘జీన్స్’ దగ్గరే మాట ఆగిపోతే యజమాని బాధ్యత కూడా అక్కడే ఆగిపోతుంది.

కులం, పెళ్లి, జన్యువు

ఇక తమ్ముడి రెండో ప్రశ్న. కులం నిలబడేది కులం లోపలి పెళ్లి మీదేనని బాబాసాహెబ్ అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో చెప్పారు. దాదాపు వందేళ్ల తర్వాత హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వాళ్లతో కలిసి చేసిన పరిశోధనలు ఆ ముద్రను మన డీఎన్‌ఏలో చూపించాయి. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు ఈ నేల మీద జనాలు విస్తృతంగా కలిశారు. తర్వాత తలుపులు మూసుకున్నాయి.

కులం లోపలి పెళ్లి వల్ల కొన్ని జబ్బులు పెరిగే మాట నిజమే. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం వస్తేనే బయటపడే, ఒక్క జన్యువుతో వచ్చే జబ్బులవి. వైశ్యుల్లో, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలించడానికి వాడే మందు ప్రభావం త్వరగా దిగని ఒక ఎంజైమ్ లోపం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అది పై కులమా, కింది కులమా అని చూడదు.

రుమటాయిడ్ అలాంటిది కాదు. షేర్డ్ ఎపిటోప్ లోకమంతా ఉంది, ఏ కులం సొత్తూ కాదు. పంజాబ్ బ్రాహ్మణుడూ పంజాబ్ చమారూ ఒకే మూలం వాళ్లని, రక్తశుద్ధి పేరుతో కులాన్ని సమర్థించడం చెల్లదని అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. ‘మీవాళ్ల రక్తమే అంత’ అన్న మాట తెల్లకోటు వేసుకుని వచ్చినా మనం అదే జవాబు చెప్పాలి.

ఎవరి జన్యువులు చదివారు?

జన్యువుల పాత్ర కొంతే అయినప్పుడు జన్యుశాస్త్రం మనకెందుకు అనుకోవద్దు. 2016లో లెక్కేస్తే, జబ్బులతో జన్యువుల సంబంధం వెతికే పెద్ద పరిశోధనల్లో పాల్గొన్నవారిలో సుమారు 81 శాతం యూరప్ మూలాలవారే. దీని నష్టం మనకే. యూరప్‌లో రుమటాయిడ్‌కు ముఖ్యమనుకునే పీటీపీఎన్22 మార్పు మన దేశంలో చాలా అరుదు. లూపస్‌కు వాడే ఆజథయోప్రిన్ మందునే తీసుకోండి. అది ఎవరికి పడదో ముందే తెలుసుకోవడానికి టీపీఎంటీ అనే జన్యువును చూసేవారు. ఆసియావాళ్లలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది నడ్‌టీ15 అనే మరో జన్యువని 2014లో తేలింది. మన రక్తం లెక్కలో లేకపోతే మన మందు కూడా తప్పుతుంది.

అయితే ఇచ్చే రక్తం మీద హక్కు మనదే ఉండాలి. అమెరికాలోని అరిజోనాలో హవసుపాయి తెగవాళ్లు 1990లో మధుమేహం పరిశోధన అనుకుని రక్తం ఇచ్చారు. దాన్ని మానసిక జబ్బుల మీద, తెగ వలసల మీద పరిశోధనలకు కూడా వాడారు. వాళ్లు పోరాడితే 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చింది. మన దగ్గర జీనోమ్ ఇండియా కింద 10,000 మంది జన్యుపటాలు సిద్ధమయ్యాయి. ఈ సమాచారాన్ని ఎవరు వాడతారు, దేనికి, ఎవరి అనుమతితో అన్న ప్రశ్నలు మన విద్యార్థి సంఘాలు అడగాలి.

మనం చేయగలిగినవి

రెండు చేతుల చిన్న కీళ్లు వాచి, పొద్దున బిగుసుకుపోయి, ఆరు వారాలు దాటితే ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూదులతో కాలం గడపొద్దు. మొదటి నెలల్లోనే సరైన మందు మొదలైతే కీళ్లు వంకర పోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. మొదటి మందు మెథోట్రెక్సేట్ ఖరీదైనదేమీ కాదు. కానీ వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. గర్భంతో ఉన్నవాళ్లు వాడకూడదు.

హెల్త్ క్యాంపుల్లో పనిచేసే మిత్రులు ప్రతి కేసు షీటులో ఒక ప్రశ్న చేర్చండి: ఏం పని, ఎన్నేళ్లు, ఎంత దుమ్ము? నీళ్లు చల్లుతూ రాయి కోయడం, దుమ్ము పీల్చే యంత్రాలు, జిల్లా ఆసుపత్రిలో యాంటీ సీసీపీ పరీక్ష, వృత్తి జబ్బుల జాబితాలో సిలికా వల్ల వచ్చే ఆటోఇమ్యూన్ జబ్బులు మన డిమాండ్లు కావాలి.

చివరగా ఆ తమ్ముడి మొదటి ప్రశ్నకు జవాబు. అమ్మకు ఉంటే నీకు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు మూడు రెట్లు. వినడానికి భయంగా ఉన్నా, వెయ్యిలో ఏడెనిమిదికి మూడు రెట్లంటే వందలో ఇద్దరు ముగ్గురే. సిగరెట్ ముట్టకు. అమ్మ పనిచేసిన ఏళ్లన్నీ, ఆ క్వారీ పేరుతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టు. రేపు ఆమె హక్కు అడిగేటప్పుడు ఆ కాగితం కావాలి.