చీకటి సంచిలో ఉక్కపోత

ఫిల్మును ఇంట్లో డెవలప్ చేసుకునేవారికి పూర్తి చీకటి అవసరమయ్యేది కొద్ది నిమిషాలే. ఫిల్మును డబ్బాలోంచి తీసి, రీలుకెక్కించి, ట్యాంకు మూత బిగించేదాకా. తరువాతి పనంతా వంటింటి దీపం కిందనే జరిగిపోతుంది. ఆ కాసేపటి చీకటిని చేతులు దూర్చే గుడ్డసంచిలో సమకూర్చేది ఛేంజింగ్ బ్యాగ్. కొనేవారు సాధారణంగా ఆలోచించేది వెలుతురు గురించి. దుబాయి, షార్జాల్లో ఉండేవారు అంతకంటే ముందు చెమట గురించి ఆలోచించాలి.

ఈ చిక్కు పాతదే. రాజా దీన్‌దయాళ్ కెమెరా పట్టిన 1870లలో తడి కొలోడియన్ పద్ధతి వాడుకలో ఉండేది. గాజుపలకకు పూత పూయడం, చిత్రం తీయడం, డెవలప్ చేయడం అన్నీ పూత ఆరేలోపే ముగియాలి. అందుకే ఊరు దాటి వెళ్ళే ఫొటోగ్రాఫరు వెంట చీకటి గుడారమూ నడిచేది. 1880లలో డ్రై ప్లేట్లు వ్యాపించాక ఆ మోత తప్పింది. గుడారం కుదించుకుపోయి సంచి అయింది గాని, అందులోని ఉక్కపోత పోలేదు.

వెలుతురును ఆపే గుడ్డ గాలినీ ఆపుతుంది. చేతుల తేమ బయటికి పోయే దారి ఉండదు. ఫిల్ము పైపూత జిలటిన్. తేమ తగిలితే మెత్తబడి జిగురెక్కుతుంది. 36 చిత్రాల ఫిల్ము పొడవు మీటరున్నర పైమాటే. అది ప్లాస్టిక్ రీలు గాడిలో సగం దాకా జారి మొరాయిస్తుంది. బలవంతాన తోస్తే మడతపడి, నెగటివు మీద నెలవంక ఆకారపు మచ్చలు మిగులుతాయి.

కాబట్టి చౌకగా దొరికే చదును సంచికంటే, లోపల కమ్మీలతో నిలబడే గుడారం తరహా సంచి మేలు. గుడ్డ చేతులమీద పడదు, లోపల గాలి ఎక్కువ. 120 ఫిల్ముకు, విడి షీట్లకు ఇదే తగినది. రెండు పొరల గుడ్డ, ఒకదానిమీద ఒకటిగా రెండు జిప్పులు, ముంజేతులను బిగువుగా పట్టే ఎలాస్టిక్ చూసుకోవాలి. ట్యాంకు, మూత, రీలు, కత్తెర పెట్టాక మోచేతులు కదలాలి.

పరీక్ష సులువు. చిన్న ఫిల్ము ముక్కపై నాణెం ఉంచి, సంచిలో మూసి, బాల్కనీ ఎండలో పది నిమిషాలు పెట్టి డెవలప్ చేయండి. నాణెం ముద్ర కనబడితే వెలుతురు చొరబడుతున్నట్టే. నెగ్గిన సంచినైనా కిటికీకి దూరంగా, ఏసీ గదిలో వాడడమే మంచిది. చేతి గడియారం తీసేయాలి, స్మార్ట్‌వాచీ అయితే మరీనూ! ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్మును గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు.

1965లో బొంబాయి నుంచి షార్జా చేరిన రమేశ్ శుక్లా, 1971 డిసెంబర్ 2న జెండా కింద నిలబడిన ఎమిరేట్ల పాలకులను ఫిల్ము మీదనే బంధించారు. సెలవుల్లో ఊళ్ళో మనం తీసే అమ్మమ్మ చిత్రానికైనా అంతే, రెండో అవకాశం ఉండదు. పైగా విమానాశ్రయాల్లోని సీటీ స్కానర్లు డెవలప్ చేయని ఫిల్మును పాడుచేస్తాయి, డెవలప్ చేసిన నెగటివును ఏమీ చేయవు. మడిస్తే పెట్టెలో పట్టే సంచి అయితే తిరుగు ప్రయాణానికి ముందే, ఆ ఇంట్లోనే పని ముగించుకోవచ్చు. మధ్యలో ఫిల్ము మొరాయిస్తే దాన్ని ట్యాంకులో వదులుగా పడేసి, మూత బిగించి, చేతులు బయటికి తీయండి. మూసిన ట్యాంకే చీకటిగది. చేతులు, సంచి పూర్తిగా ఆరాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు.