లాయర్‌గా నమోదుకు చట్టం చెప్పిన రుసుము 750 రూపాయలే

మూడేళ్ల కోర్సు అయినా, ఐదేళ్ల కోర్సు అయినా, లా పట్టా రాగానే కోర్టులో వాదించే హక్కు రాదు. ముందు రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరు ఎక్కాలి. అందుకు పార్లమెంటు నిర్ణయించిన రుసుము 750 రూపాయలు. ఏళ్ల తరబడి బార్ కౌన్సిళ్లు వసూలు చేసింది మాత్రం రాష్ట్రాన్ని బట్టి దాదాపు 15,000 నుంచి 42,000 రూపాయలు. ఆ అదనపు వసూళ్లు చెల్లవని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

600 + 150

ఈ లెక్క 1961 నాటి న్యాయవాదుల చట్టం సెక్షన్ 24(1)(ఎఫ్)లో ఉంది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 150 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 100, 25 కలిపి మొత్తం 125 రూపాయలే. స్టాంప్ డ్యూటీ ఉంటే అది వేరు. ఈ మొత్తాలు 1993 సవరణతో వచ్చినవి.

56 రెట్లు

42,000 రూపాయలంటే చట్టం చెప్పినదానికి 56 రెట్లు. గ్రంథాలయ నిధి, సంక్షేమ నిధి, గుర్తింపు కార్డు, శిక్షణ, ప్రాసెసింగ్... ఇలా ఒక్కో పద్దు చేర్చుకుంటూ పోయారు. అవన్నీ కడితే తప్ప పేరు ఎక్కేది కాదు. ఎస్సీ, ఎస్టీలకు చట్టం ఇచ్చిన రాయితీ కూడా ఈ పద్దుల కింద నలిగిపోయింది.

కోర్టు చెప్పిన సూత్రం

బార్ కౌన్సిల్ చట్టం వల్ల పుట్టిన సంస్థ. దానికి ఉన్నవి చట్టం ఇచ్చిన అధికారాలే. రుసుము ఎంతో పార్లమెంటే అంకెల్లో రాసిపెట్టాక, నిబంధనల పేరుతో దాన్ని పెంచే వీలు ఏ కౌన్సిల్‌కూ లేదు. పరిపాలనా న్యాయంలో ఇది మొదటి పాఠం. పెంచక తప్పదనుకుంటే చట్టాన్ని సవరించాల్సింది పార్లమెంటే. పేద, అణగారిన వర్గాల యువతను వృత్తి గడప దగ్గరే ఆపే ఈ వసూళ్లు రాజ్యాంగం 14, 19(1)(జి) అధికరణాలకు విరుద్ధమని కూడా అప్పటి చీఫ్ జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం చెప్పింది.

తీర్పు వెలువడిన రోజు నుంచే అది వర్తిస్తుంది; అంతకుముందు కట్టిన డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదు. నమోదయ్యాక న్యాయవాదులకు అందించే సేవలకు కౌన్సిళ్లు వేరుగా రుసుము తీసుకోవచ్చు. కానీ నమోదు వేళ 'ఐచ్ఛికం' అనే పేరుతో కూడా ఏమీ తీసుకోరాదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది.

15,000 విలువ ఎంత?

జూనియర్ లాయర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకు సూచించింది. ఇది సలహాయే, తప్పనిసరి కాదు. ఆ మొత్తం అందిందనే అనుకున్నా, పాత రుసుముల్లో అతి తక్కువదైన 15,000 కట్టడానికే పల్లె జూనియర్‌కు నెల సంపాదన మొత్తం పోయేది.

డబ్బు కుదరక నమోదు వాయిదా పడితే నష్టం మరోచోట కూడా తగులుతుంది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ మూడేళ్లూ బార్ కౌన్సిల్‌లో మొదట జరిగే తాత్కాలిక నమోదు రోజు నుంచే లెక్క. అంటే నమోదు ఆరు నెలలు ఆలస్యమైతే ఆ అర్హత కూడా ఆరు నెలలు వెనక్కి పోతుంది.

మీ వంతు

తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ లాసెట్ రాసి, లా పూర్తి చేసి నమోదుకు సిద్ధమవుతున్నారా? దరఖాస్తు ఫారంలోని ప్రతి పద్దునూ సెక్షన్ 24(1)(ఎఫ్)తో సరిచూసుకోండి. 750 లేదా 125 రూపాయలు, స్టాంప్ డ్యూటీలకు మించి అడిగితే ఏ చట్టం కింద అడుగుతున్నారో రాతపూర్వకంగా అడగండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. రేపు కక్షిదారు హక్కు కోసం నిలబడాల్సిన మీరు, ముందు మీ హక్కు కోసం నిలబడండి.