ఆకుల రంగులు - తొలి చలి

కోస్తా జిల్లాలలో ఇంటి ముంగిట పెరిగే నాటుబాదం చెట్టు ఆకులు రాల్చే ముందు ఎర్రబడటం అందరూ ఎరిగినదే. పచ్చని వెడల్పాటి ఆకు క్రమంగా పసుపు, నారింజ, ముదురు ఎరుపు రంగులు దాల్చి, ఒకనాటి ఉదయం నేలమీద కనిపిస్తుంది. ఒక్క చెట్టు గాక కొండలకు కొండలే ఇట్లా రంగు మారితే ఎట్లా ఉంటుందో చూడగోరేవారు అమెరికా సంయుక్త రాష్ట్రాల ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండు ప్రాంతానికి వెళ్ళాలి. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మెయిన్, మసాచుసెట్స్ మొదలైన ఆరు రాష్ట్రాల సముదాయమది. సెప్టెంబరు చివరలో ఉత్తరపు కొండలమీద మొదలైన రంగు, నెల రోజులకు పైగా దక్షిణానికీ సముద్రతీరానికీ దిగివస్తుంది. మేపుల్ చెట్లు ఎరుపు, నారింజ వన్నెలకు, బర్చ్ చెట్లు పసుపు వన్నెకు పేరుపొందినవి. ఓక్ చెట్లు అన్నిటికన్న వెనుకగా గోధుమవన్నె కలిసిన ఎరుపుకు మారతాయి. వీటిని చూడటానికే ఏటేటా లక్షలాది యాత్రికులు వస్తారు. బోస్టన్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దసరా, దీపావళి పండుగలు సాధారణంగా ఈ రంగుల నడుమనే వస్తాయి.

చూపరులకు వేడుకగా ఉన్నా చెట్టుకు మాత్రం ఇది గడువులోగా ముగించవలసిన పని. నీరు గడ్డకట్టేటంత చలి రాకముందే ఆకులోని విలువైన పదార్థాలను కొమ్మలలోకి తీసుకొని, ఆకును వదిలించుకోవాలి. ఆ చలి ఏ రాత్రి వస్తుందో చెట్టుకు తెలియదు. కొన్ని ఏండ్లలో అది ముందుగా వచ్చి చెట్టును మోసగిస్తుంది.

ఋతువుల పేర్ల విషయంలో ఇక్కడ చిన్న చిక్కున్నది. ఆశ్వయుజ, కార్తీక మాసాలు మనకు శరదృతువు. నిర్మలమైన ఆకాశానికీ పండు వెన్నెలకూ పేరుపడిన కాలమది. ఆకురాలు కాలం మనకు శిశిరం, అనగా మాఘ ఫాల్గుణాలు. న్యూ ఇంగ్లండులో ఆకులు రాలేది పంచాంగం ప్రకారం మన శరత్తులోనే. ఈ తేడాకు కారణం లేకపోలేదు. నల్లమలలోను, ఆదిలాబాదు అడవులలోను టేకు, మోదుగ, బూరుగ చెట్లు ఆకు రాల్చేది ప్రధానంగా నేలలో తేమ తరిగిపోవటం చేత. అక్కడి చెట్లు రాల్చేది చలి ముంచుకువస్తున్నందుకు. నేలలోని నీరు గడ్డకడితే వేళ్ళకు అందదు. వెడల్పైన ఆకులు మాత్రం నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. పైగా అంత పలుచని ఆకు గడ్డచలికి నిలువదు.

రానున్న చలిని చెట్టు ఎట్లా గుర్తిస్తుంది? మొదటి సూచన పగటి నిడివి. హైదరాబాదులో జూను నెలలో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. తేడా రెండు గంటలు మాత్రమే. బోస్టనులో జూను పగలు 15 గంటలకు మించి ఉంటుంది, డిసెంబరులో 9 గంటలకు దిగిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో రోజు రోజుకూ పగలు దాదాపు మూడు నిమిషాల చొప్పున తగ్గుతుంది. ఒక ఏడు ఎండలు మెండుగా ఉండవచ్చు, మరొక ఏడు వానలు విడువక పోవచ్చు. పగటి నిడివి మాత్రం తేదీ తప్పదు. అందుచేతనే చాలా చెట్లు తమ పనిని మొదలుపెట్టడానికి పగటినే నమ్ముకొన్నాయి. ఆ పని ఎంత వేగంగా, ఎంత చక్కగా సాగుతుందనేది ఆ ఏటి వాతావరణం మీద ఆధారపడుతుంది.

ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితం నిలకడైన పదార్థం కాదు. ఎండలో అది విరిగిపోతూ ఉంటుంది, చెట్టు కొత్తగా తయారు చేస్తూ ఉంటుంది. పగలు కురచ కాగానే తయారీ మందగిస్తుంది, ఉన్నదాన్ని విడగొట్టే పని జోరందుకుంటుంది. దీనికొక లాభమున్నది. సూర్యరశ్మిని పట్టి బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చే యంత్రాంగమంతా మాంసకృత్తులతో నిర్మితమైనది. మాంసకృత్తులలో నత్రజని ఉన్నది. అడవి నేలలో చెట్టుకు సులభంగా దొరకనిది నత్రజనియే. అందుచేత ఆకును పారవేసే ముందు చెట్టు ఆ మాంసకృత్తులను విడగొట్టి, నత్రజనినీ భాస్వరాన్నీ కొమ్మలలోకి, బెరడులోకి లాగుకొంటుంది. ఆకులోని నత్రజనిలో ఇంచుమించు సగం, కొన్ని చెట్లలో అంతకు మించి, ఈ విధంగా తిరిగి దక్కుతుంది. ఇల్లు ఖాళీ చేసేవారు తలుపులు, దూలాలు ఊడదీసి బండికెత్తుకొన్నట్లే ఇదీను.

పత్రహరితం తొలగగానే పసుపురంగు బయటపడుతుంది. ఇది కొత్తగా వచ్చింది కాదు. కెరొటినాయిడ్లు అనే ఈ వర్ణకాలు వేసవి అంతా ఆకులోనే ఉండి, పచ్చదనం చాటున కనిపించకుండా ఉన్నాయి. బొప్పాయికీ, గుమ్మడికీ, మొక్కజొన్న గింజకూ రంగునిచ్చేది ఈ కుటుంబమే. ఓక్ ఆకులలోని గోధుమవన్నెకు టానిన్లు కారణం. మన తంగేడు చెక్కలో ఉండి తోళ్ళు పదును చేయడానికి పనికివచ్చేవీ టానిన్లే.

ఎరుపు సంగతి వేరు. మేపుల్ ఆకులోని ఎర్రని వర్ణకాలను ఆంథోసయనిన్లు అంటారు. నేరేడు పండులోను, దానిమ్మ గింజలలోను, వంకాయ తోలులోను ఉండేవి ఇటువంటివే. ఇవి వేసవిలో దాగి ఉన్నవి కావు. రాలిపోవడానికి కొద్ది వారాల ముందు ఆకు తన చక్కెరను ఖర్చుపెట్టి వీటిని కొత్తగా తయారు చేస్తుంది. పోయే ఆకుకు ఇంత ఖర్చు ఎందుకని వృక్షశాస్త్రజ్ఞులు చిరకాలం ఆశ్చర్యపడ్డారు. 2001లో డబ్ల్యు. డి. హామిల్టన్, శామ్ బ్రౌన్ అనే జీవశాస్త్రజ్ఞులు ఇది పేనుపురుగులకు హెచ్చరిక కావచ్చునని ప్రతిపాదించారు. ముదురు రంగు తొడిగిన చెట్టు బలమైనది, దానిమీద గుడ్లు పెట్టినా లాభం లేదని పురుగు గ్రహిస్తుందట. వినసొంపైన ఊహే గాని, ఎక్కువ బలమైన సాక్ష్యం మరొక వివరణకు దొరికింది. చలిలో ఆకులోని రసాయన క్రియలు మందగిస్తాయి, మీదపడే ఎండ మాత్రం తగ్గదు. మిగిలిన పత్రహరితం పట్టిన వెలుగును వినియోగించే దారి లేక, ఆ శక్తి కణాలకే హాని చేస్తుంది. నత్రజని తరలింపు ముగియక మునుపే కణాలు చెడితే నష్టం చెట్టుకే. ఎర్రని వర్ణకం పైపొరలో పరదావలె నిలిచి ఎండ తాకిడిని తగ్గిస్తుంది. ఎరుపును తయారుచేయలేని మొక్కలను మామూలు మొక్కల పక్కన పరీక్షించి, అవి నత్రజనిని తక్కువగా రాబట్టుకొంటున్నట్లు విలియం హాక్, ఆయన సహచరులు 2003లో ప్రకటించారు. ఎండ పడే పక్కనే ఆకు ఎక్కువగా ఎర్రబడటం, ఒక ఆకు మరొకదానిమీద నీడ వేసినచోట పసుపు మచ్చ మిగలటం ఈ వివరణకు సరిపోతున్నాయి.

ఈ లోపల ఆకు కాడ మొదట మరొక పని సాగుతూ ఉంటుంది. కాడ కొమ్మను కలిసేచోట బలహీనమైన కణాలతో ఒక పలుచని పొర రూపొందుతుంది. ఆకు చురుకుగా ఉన్నంతకాలం దానినుండి వచ్చే ఆక్సిన్ అనే హార్మోను ఈ పొరను విడిపోనీయదు. ఆకు ముదిరి ఆక్సిన్ తగ్గగానే ఎథిలీన్ అనే వాయువుది పైచేయి అవుతుంది. కాయలను మాగబెట్టేదీ ఈ వాయువే. పొరలోని కణాలు ఒకదానినుండి ఒకటి విడిపోతాయి, కొమ్మ వైపున గాయం మూసుకుపోతుంది. ఇక చిరుగాలి చాలు, ఆకు రాలుతుంది.

రంగులు బాగా పండటానికి పగలు తేటయైన ఎండ, రాత్రి గడ్డకట్టని చల్లదనం కావాలి. ఎండలో చక్కెర తయారవుతుంది. రాత్రి చల్లగా ఉంటే శ్వాసక్రియలో ఆ చక్కెర తక్కువ ఖర్చవుతుంది, ఆకునుండి కదిలిపోవటం కూడా తగ్గుతుంది. ఎరుపుకు కావలసిన ముడిసరుకు అదే. మబ్బు పట్టి రాత్రులు వెచ్చగా ఉన్న ఏడు రంగు వెలవెలబోతుంది. వేసవిలో అనావృష్టి తీవ్రమైతే ఆకులు వేళ కాకుండానే గోధుమరంగుకు తిరిగి రాలిపోతాయి. పెనుగాలి వస్తే చెప్పేదేమున్నది!

విచిత్రమేమంటే, రంగును పండించే ఆకాశమే మంచును కూడా తెచ్చిపెడుతుంది. కెనడా వైపునుండి పొడిగా, చల్లగా వచ్చే గాలి ఆకాశాన్ని తేటపరుస్తుంది. పగలు ఎండ కాస్తుంది. రాత్రి నేల తన వేడిని కిరణరూపంలో పైకి పంపివేస్తుంది. మబ్బులుంటే ఆ వేడిలో కొంత తిరిగి నేలకు చేరేది. నిర్మలాకాశంలో అట్టి అడ్డు లేదు. గాలి కదలకపోతే పైనున్న వెచ్చని గాలి కిందికి కలియదు. గాలిలో తేమ అధికంగా ఉంటే మంచుబిందువులు ఏర్పడుతూ కొంత వేడిని విడుదల చేసి చల్లబడటాన్ని ఆలస్యం చేస్తాయి. పొడిగాలిలో ఆ రక్షణ కూడా తక్కువే. నాలుగడుగుల ఎత్తున పెట్టెలో ఉంచిన ఉష్ణమాపకం 2, 3 డిగ్రీలు చూపుతున్నప్పుడే పచ్చికమీద నీరు తెల్లగా గడ్డకట్టవచ్చు. చల్లగాలి బరువు గనుక వాలు వెంబడి జారి పల్లంలో నిలుస్తుంది. కొండవాలున చెట్టు పచ్చగా ఉండగా, దిగువ లోయలో చెట్టు మాడిపోవటానికి ఇదే కారణం. (పొగమంచు, రాత్రి కురిసే మంచు, గడ్డమంచు, ఆకాశంనుండి పడే హిమం - అన్నిటికీ మనం మంచు అనే అనటం ఇట్టి విషయాలను వివరించేవారికి కష్టమే.)

గట్టి చలి సోకిన ఆకులో మంచుగడ్డ ముందు కణాల నడుమ ఏర్పడి, కణాలలోని నీటిని బయటికి లాగుతుంది. సిద్ధపడని కణపు పొరలు చిట్లుతాయి. తెల్లవారి ఎండకు ఆకు ఉడికించినట్లు వాలి, గోధుమరంగుకు మారుతుంది. కొత్త ఎరుపు తయారుకాదు, నత్రజని వెనక్కు రాదు. కాడవద్ద పొర పూర్తికాకపోతే ఆ చచ్చిన ఆకు రాలక కొమ్మకే వేలాడుతూ ఉంటుంది.

ఆకుతో పోతే బెంగ లేదు గాని, ముందుగా వచ్చిన చలి కొమ్మనూ మానునూ కూడా చంపగలదు. ఉత్తర దేశాలలో వేసవిలో సున్నాకు కొద్ది డిగ్రీల దిగువన చచ్చే కొమ్మ, నడి చలికాలంలో సున్నాకు 40 డిగ్రీల దిగువను కూడా తట్టుకొంటుంది. ఈ శక్తి ఒక్కరోజులో రాదు. పగలు కురచ కావటంతో పెరుగుదల ఆగుతుంది, ఇది మొదటి మెట్టు. తరువాత వారాల తరబడి మెల్లమెల్లగా పెరిగే చలికి కణాలలో చక్కెరలు కూడుకొంటాయి, కణపు పొరల కూర్పు మారుతుంది. శరత్తు చివరిదాకా వెచ్చగా ఉంటే ఈ రెండవ మెట్టు వెనుకబడుతుంది.

1940 నవంబరు 11న అమెరికా మధ్య పడమటి రాష్ట్రాలలో జరిగినది ఇదే. అప్పటివరకు కాలం వెచ్చగా సాగింది. ఆనాటి ఉదయం బాతుల వేటకు పోయినవారిలో చాలామంది చలిదుస్తులైనా లేకుండా బయలుదేరారు. మధ్యాహ్నానికి పెనుగాలి, హిమపాతం విరుచుకుపడి, ఒక్కరోజులో ఉష్ణోగ్రత పాతిక డిగ్రీలకు పైగా పడిపోయింది. 140 మందికి పైగా మరణించారు. అయోవా రాష్ట్రం అంతకుముందు ఆపిల్ తోటలకు పేరుపొందినది. సిద్ధపడని ఆ చెట్లు వేలాదిగా ఆ చలికి చచ్చాయి. చాలామంది రైతులు మళ్ళీ తోటలు వేయక మొక్కజొన్న, సోయా చిక్కుడు సాగుకు మరలారు.

ఇక తొలి హిమపాతం ఆకులున్న చెట్లమీద పడితే నష్టం మరొక విధంగా వస్తుంది. 2011 అక్టోబరు 29, 30 తేదీలలో న్యూ ఇంగ్లండులో, దాని పొరుగు రాష్ట్రాలలో ఇట్టి తుపాను వచ్చింది. మసాచుసెట్స్‌లోని పెరూ అనే ఊరిలో 32 అంగుళాల హిమం పడింది. ఓక్, మేపుల్ చెట్లకు అప్పటికి ఆకులు చాలావరకు ఉన్నాయి. బోడికొమ్మమీద హిమం కొద్దిగానే నిలుస్తుంది, ఆకుల గుబురులో కుప్పలుగా నిలుస్తుంది. పైగా ఆ కాలపు హిమం తడిగా, బరువుగా ఉంటుంది. కొమ్మలు విరిగి తీగెలమీద పడగా 30 లక్షలకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు విద్యుత్తు ఆగింది. కొన్నిచోట్ల వారం దాటినా రాలేదు. అదే హిమం జనవరిలో పడి ఉంటే రోడ్లను మూసివేసేదే గాని చెట్లకు ఇంత చేటు చేసేది కాదు.

భూగోళం వేడెక్కుతున్న ఈ రోజులలో తొలి చలి సగటున ఆలస్యంగానే వస్తున్నది. అయితే చెట్టుకు ఊరట కలిగిందని తొందరపడి చెప్పరాదు. వెచ్చని సెప్టెంబరు రంగును వెనుకకు నెడుతుంది, ఆకులు మరి కొన్నాళ్ళు కొమ్మలమీద నిలుస్తాయి. ఉత్తరపు చల్లగాలి హఠాత్తుగా దిగటం మాత్రం పూర్తిగా ఆగలేదు. సగటు తేదీ వెనుకకు జరిగినంత మాత్రాన ఏ ఒక్క ఏటి చలి అయినా ఆ తేదీకి కట్టుబడి ఉండదు గదా.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. కాశ్మీరులో చినార్ చెట్లు ఎరుపెక్కే వేళకే ఆపిల్ కోత చివరి దశలో ఉంటుంది. 2018 నవంబరు 3న, మళ్ళీ 2019 నవంబరు 7న అక్కడ వేళకు ముందే భారీగా హిమం కురిసింది. ఆకులింకా రాలని ఆపిల్ చెట్లు బరువుకు నడిమికి చీలిపోయాయి, కొన్నిచోట్ల కోయని కాయలు కొమ్మలతోనే నేల కూలాయి. చెట్టు కాపుకు రావటానికి ఏండ్లు పడుతుంది గనుక, ఆ రాత్రుల నష్టం ఒక్క పంటతో పోయేది కాదు. హిమం పడుతుండగానే కొమ్మలను కిందినుండి మెల్లగా కదిలించి దులపటం, బరువు మోసే కొమ్మలకు ముందే ఊతకర్రలు పెట్టటం, చీలిన కొమ్మను జాగు చేయక కట్టి బిగించటం అక్కడి రైతులకు అప్పుడు చేతనైన ఉపాయాలు.