చత్వారమును సులోచనములును

నలువది యేండ్లు దాటిన ఇల్లాలు సూదిలో దారమెక్కించుటకు పిల్లలను పిలుచుట మనము నిత్యము చూచుచున్నదే. కొన్నాళ్లకు బియ్యములో రాళ్లు మిగులును. ఉత్తరమును చాచిన చేయంత దూరమున పట్టి చదువును. పిమ్మట ప్రతిదినము చదువుకొను భాగవతమును మెల్లగా మానివేయును. అడిగినచో "ఈ వయస్సున నాకు చదువేల?" అనును. ఆమెకు విరక్తి కలిగెనని ఇంటివారు తలంతురు. కలిగినది విరక్తి కాదు, చత్వారము.

పేరులోనే వయస్సున్నది. సంస్కృతమున చత్వారింశత్తనగా నలువది. మా నారాయణఖేడు మూడు భాషల సరిహద్దున నున్న ఊరగుటచే ఇరుగుపొరుగు మాటలు కూడ మా చెవిని పడుచుండును. మరాఠీవారు చాళిశీ యందురు, కన్నడమువారు చాళీసందురు. అన్నిటికిని అర్థమొక్కటే. కంటిలోని కటకము చిన్ననాట మెత్తగా నుండి, దగ్గరి వస్తువును చూచునపుడు తానే ఉబ్బి చూపును సరిచేయును. ఏండ్లు గడచిన కొలది అది బిరుసెక్కును. ఇది రోగము కాదు; రాజునకైనను రానున్నదే. ఆకుపసరులు దానిని మెత్తపరుపజాలవు సరికదా, కంటికి కీడు చేయవచ్చును.

సులోచనములు దొరల వేషమని జంకువారు నేటికిని కొందరున్నారు. అవి 13వ శతాబ్ది చివర ఇటలీలో పుట్టిన మాట నిజమే. అయినను శ్రీకృష్ణదేవరాయల నాటికే విజయనగరమున అవి వాడుకలోనికి వచ్చినవి. వ్యాసతీర్థులవారు అద్దములు ధరించి గ్రంథము చదువుచుండుటను సోమనాథకవి తన వ్యాసయోగి చరితమున వర్ణించినాడు. అంతటి యతీశ్వరులకు లేని సిగ్గు మనకేల?

సిగ్గుకంటె పెద్ద చిక్కు మరియొకటి గలదు. పెక్కిండ్లలో పురుషునకు అద్దములు కొందురు. ఆయనకు పవరు మారినపుడు పాతజోడు ఇల్లాలికి వచ్చును. మా అత్తగారు ఆరేండ్లు మామగారి పాతజోడుతోనే కాలము గడపిరి. అది ముక్కుపై నిలువదు, పెట్టుకొన్న గడియకే తలనొప్పి. "నాకివి చాలులే బిడ్డా" అనుచుండెడివారు. రక్తపోటు మాత్ర యేదో చక్కెర మాత్ర యేదో మనుమడు చెప్పవలసి యుండెను. వాడు చదువునకై సంగారెడ్డి వెళ్లిన పిమ్మట ఒకనాడు రెండు పూటలును ఒకే మాత్ర వేసికొని కళ్లు తిరిగి కూలబడిరి. ఆ వారముననే ఆమెకు సొంతజోడు వచ్చినది.

జోడును ఎన్నుకొనునపుడు ఒక లెక్క తెలిసియుండిన మేలు. ఒకటవ నంబరు అద్దము మీటరు దూరమునకు, రెండవ నంబరు అందులో సగమునకు సరిపడును. నలువది దాటిన క్రొత్తలో సుమారు ఒకటి, అరువది నాటికి రెండున్నర వరకు పట్టుట సాధారణము. పుస్తకమును పట్టు దూరము వేరు, చేటను పట్టు దూరము వేరు. కాబట్టి పరీక్షచేయువారు చూపు అక్షరములతో తృప్తిపడక, మన పనిని చెప్పవలెను. మా అత్తగారు భాగవతమును సంచిలో పెట్టుకొనిపోయి అచ్చటనే తెరచి చదివి చూచిరి. దుకాణమువాడు నవ్వెను, నవ్వనిండు. అందమునకంటె బరువును ముందు చూడవలెను. ప్లాస్టికు అద్దములు గాజుకంటె తేలికయైనవి. బస్సుస్టాండున అమ్ము జోళ్లు రెండు కన్నులకు ఒకే పవరుతో నుండును, అందరికిని అట్లుండదు. పైగా పరీక్ష లేనిచో కంటిలోని నీటి ఒత్తిడి, శుక్లము బయటపడవు.

తెలంగాణ ప్రభుత్వమువారు 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపూరున కంటివెలుగు ప్రారంభించి, 2023లో రెండవ మారు జరిపిరి. పల్లెపల్లెకు వైద్యబృందములు వెళ్లి, చదువుటకు కావలసిన అద్దములను ఉచితముగా నిచ్చినవి. గొప్ప ఉపకారమే. కాని ఆ జోళ్లు పలువురు పెద్దమ్మల పెట్టెలలో పట్టుచీరెలతో కూడ భద్రముగా నుండుట మేమెరుగుదుము! అస్సాము తేయాకు తోటలలో నలువది దాటిన 751 మంది కూలీలపై జరిపిన పరిశోధన 2018లో వెలువడినది. అద్దములు పొందినవారి కోత, పొందనివారికంటె నూటికి 21.7 వంతున ఎక్కువ పెరిగినదట. మావైపు ప్రత్తి ఏరు స్త్రీలకు ఈ మాట చెప్పినచో పెట్టెలు తెరచుకొనవచ్చును.

అలవాటు పడుటకు రెండువారములు పట్టును. తొలినాళ్లలో నేల ఎత్తుగా తోచును, కన్ను అలయును. చదువు జోడుతో నడువరాదు. దూరము మసకగా కనిపించును. మెడకు త్రాడు కట్టుకొనిన ఎక్కడ పెట్టితినో అని వెదకు బాధ తప్పును. దూరమునకును దగ్గరకును ఒకే జోడైనచో మెట్లు దిగునపుడు తల వంచి పై అద్దముగుండ చూడవలెను. కింది అద్దముతో చూచిన మెట్టు తప్పును. కొంగుతో పొడిగా తుడిచిన గీతలుపడును; నీటితో కడిగి మెత్తని బట్టతో అద్దవలెను. రెండువారములైనను తలనొప్పి తగ్గనిచో మరల చూపించుకొనుడు, ఓర్చుకొనకుడు. మధుమేహము గలవారు చక్కెర అదుపులో నున్నపుడే పరీక్ష చేయించుకొనవలెను. అది హెచ్చుతగ్గులైన పవరు కూడ మారును.

అద్దములు పెట్టుకొన్న కొలది చూపు చెడునను మాట వట్టిది. వయస్సుతో పవరు పెరుగును, పెట్టుకొన్నను పెరుగును, మానినను పెరుగును. దానికి విపరీతముగా డెబ్బదియేండ్ల అవ్వ ఒకనాడు అద్దములు లేకయే చదువగలుగును, ఇంటివారు సంతోషింతురు. అది తరచుగా శుక్లము ముదురుచున్న గుర్తు. మాయింట అట్టి దినము వచ్చినచో మిఠాయి పంచక ఆసుపత్రికి బండి కట్టింపుడని మా అత్తగారే చెప్పియున్నారు.